మెట్లెక్కితే గుండెల్లో మంట... గ్యాస్ మాత్ర వేసుకుని క్రూయిజ్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. నా వయసు 58, మావారికి 64. డాలస్‌లో ఉండే మా అబ్బాయి మా పెళ్లిరోజుకని జనవరిలో మా ఇద్దరికీ కరీబియన్ క్రూయిజ్ బుక్ చేశాడు. మయామిలో ఓడ ఎక్కి, వారానికి మళ్లీ మయామిలోనే దిగుతాం. మధ్యలో జమైకాలోని ఓచో రియోస్, గ్రాండ్ కేమన్, మెక్సికోలోని కొజుమెల్‌లో ఆగుతుందట. నాకు శ్రీశైలం ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయి. వారం రోజులు సముద్రం మీద అంటే టెన్షన్‌గా ఉంది. ఏ మాత్ర వేసుకోవాలి? చెవి వెనక అంటించుకునే ప్యాచ్ బాగా పనిచేస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. ఇద్దరం వాడొచ్చా? మావారికి 14 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్-గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నారు. ప్రోస్టేట్‌కు రాత్రి ఒక మాత్ర. రెండు నెలలుగా మెట్లెక్కినా, భోంచేసి నడిచినా గుండెల్లో మంట, బరువు అంటున్నారు. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. గ్యాస్ అని రోజూ పొద్దున పాంటాప్రజోల్ వేసుకుంటున్నారు. అంతకుమించి ఇబ్బందేమీ లేదు. నాకు థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వాంతుల మాత్ర సంగతి తర్వాత చెబుతాను. ముందు మీవారి గుండెల్లో మంట గురించి మాట్లాడాలి. మీరు దాన్ని ఉత్తరం చివర్లో, ఇబ్బందేమీ లేదన్నట్టుగా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే అదే ఆందోళన కలిగించింది.

ఆయనను నేను పరీక్షించలేదు. నాలుగు వాక్యాలు చదివి ఇది ఫలానా జబ్బు అని తేల్చడం తప్పు, ప్రమాదం కూడా. ఇది నిజంగా ఎసిడిటీయే కావచ్చు. కానీ 64 ఏళ్ల మనిషి, 14 ఏళ్ల షుగర్, బీపీ, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే మంట, బరువు. ఇవన్నీ కలిసినప్పుడు ఏ డాక్టరైనా ముందు గుండె రక్తనాళాలనే అనుమానించాలి. దీన్నే ఆంజైనా అంటారు. శ్రమ పడినప్పుడు గుండె కండరానికి ఎక్కువ రక్తం కావాలి. నాళం సన్నబడి ఉంటే అది అందదు, అప్పుడు బరువో మంటో పట్టేసినట్టో ఉంటుంది. ఆగి కూర్చోగానే అవసరం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. భోజనం చేసి నడిస్తే ఇంకా త్వరగా రావడం కూడా ఆంజైనాలో తరచూ చూసేదే. మనవాళ్లు సరిగ్గా ఇక్కడే అన్నం తిన్నాక వచ్చింది కాబట్టి గ్యాస్ అని తేల్చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లలో గుండె నొప్పి అందరికీ వచ్చినట్టు రాకపోవచ్చు. కొందరికి ఆయాసం మాత్రమే ఉంటుంది, కొందరికి అసలేమీ తెలియదు.

పాంటాప్రజోల్ వేసుకుంటే తగ్గుతోంది కదా అని మీవారు అనవచ్చు. ఆలోచించండి. పొద్దున ఆరింటికి వేసుకున్న మాత్ర, సాయంత్రం మెట్ల దగ్గర వచ్చిన మంటను సరిగ్గా ఆయన కూర్చున్న ఐదు నిమిషాల్లో ఎలా తగ్గిస్తుంది? తగ్గించింది విశ్రాంతి, పేరు మాత్రకు వచ్చింది. నా ఓపీలో వారం వారం చూసే విషయం ఇది. మెడికల్ షాపులో అడిగి గ్యాస్ మాత్ర, అది చాలకపోతే ఇంకో సిరప్, పక్కింటాయన చెప్పాడని సోడా. అలా నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో ఒక ఈసీజీ తీయించుకుని ఉంటే ఎంత మేలు జరిగేదో తర్వాత చెప్పుకుని లాభం లేదు. రెండు నెలలు ఆగారు, ఇంకొక్క వారం కూడా ఆగవద్దు.

ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. మామూలుగా కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చిందని ఇంటికి వచ్చేయకండి. ఆంజైనా ఉన్నవాళ్లలో కూడా అది నార్మల్‌గా ఉండవచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్, సీటీ యాంజియో, వీటిలో ఏది అవసరమో, ఏది ముందో ఆయన నిర్ణయిస్తారు. డయాగ్నస్టిక్ సెంటర్ ప్యాకేజీలో ఉంది కదా అని మీ అంతట మీరు ట్రెడ్‌మిల్ పరీక్షకు వెళ్లకండి. కొత్తగా మొదలైన, పెరుగుతున్న నొప్పి ఉన్నప్పుడు ఆ పరీక్షే ప్రమాదం కావచ్చు. ఈలోగా విశ్రాంతిలో ఉన్నా నొప్పి వచ్చినా, పది పదిహేను నిమిషాలకు తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో చేతికో లాగినా, ఆయాసం వచ్చినా 108కు ఫోన్ చేయండి. స్కూటర్ మీద వెళ్లడం, ఉదయం దాకా చూద్దామనుకోవడం వద్దు.

చాలామంది జేబులో సార్బిట్రేట్ (గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) పెట్టుకుని తిరుగుతుంటారు. డాక్టర్ రాసి, ఎలా వాడాలో చెప్పి ఉంటే మంచిదే. ఎవరో ఇచ్చారని నాలుక కింద పెట్టుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మీవారు ప్రోస్టేట్‌కు వాడే మాత్ర కూడా బీపీ తగ్గించే రకం కావచ్చు. అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టాడాలాఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు సార్బిట్రేట్ అసలు పెట్టుకోకూడదు. ఇది చెప్పడానికి మగవాళ్లు సిగ్గుపడతారు. డాక్టర్ దగ్గర సిగ్గుపడవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి.

ఈ పరీక్షలు ఓడ ఎక్కకముందే, అసలు విమానం ఎక్కకముందే ఎందుకంటే: పెద్ద క్రూయిజ్ ఓడల్లో మెడికల్ సెంటర్ ఉంటుంది. డాక్టర్, నర్సులు, ఈసీజీ, ఆక్సిజన్, గుండెకు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్, కొన్ని రక్త పరీక్షలు ఉంటాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ కూడా సాధారణంగా ఉంటుంది. కానీ యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్ ల్యాబ్ ఉండదు. గుంటూరులో హార్ట్ ఎటాక్ వస్తే దగ్గర్లోనే క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆస్పత్రులున్నాయి. జమైకాకూ మెక్సికోకూ మధ్య నడి సముద్రంలో వస్తే ఓడ దారి మళ్లించి దగ్గరి ఓడరేవుకు వెళ్లాలి, లేదా హెలికాప్టర్ రావాలి. హెలికాప్టర్ రావడం దూరం మీద, వాతావరణం మీద ఆధారపడుతుంది. గుండెకు గంటలు విలువైనవి. మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. పరీక్షలు చేయించుకుని, అవసరమైతే చికిత్స తీసుకుని, కార్డియాలజిస్టు సరేనన్నాక వెళితే ఇద్దరూ మనశ్శాంతిగా తిరిగి రావచ్చు. గుండె జబ్బు ఉన్నా సరైన చికిత్సలో ఉన్నవాళ్లు ఎందరో ఇలాంటి ప్రయాణాలు చేస్తున్నారు.

కార్డియాలజిస్టు స్పష్టంగా అనుమతి ఇవ్వకుండా కొన్ని పనులు మాత్రం చేయవద్దు. ఓచో రియోస్‌లో డన్స్ రివర్ జలపాతం ఉంది. చేతులు పట్టుకుని నీళ్లలో రాళ్ల మీదుగా పైకి ఎక్కిస్తారు, పొడవు సుమారు 180 మీటర్లు. మెట్లెక్కితే బరువనిపించే మనిషికి అది పనికిరాదు. కొజుమెల్‌లో స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద ఈదడం) కూడా అంతే. డబ్బులు ముందే కట్టేశామని మొహమాటపడి చేయకండి.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు తలచుకుని భయపడుతున్నంత ఉండదు. ఘాట్ రోడ్డు మలుపుల కుదుపు వేరు. పెద్ద ఓడలకు ఊగిసలాట తగ్గించే స్టెబిలైజర్లు ఉంటాయి. అట్లాంటిక్ తుఫాన్ల సీజన్ జూన్ నుంచి నవంబర్ దాకా, మీరు వెళ్లేది జనవరి. గాలి ఎక్కువగా ఉన్న రోజు కొంత ఊగుతుంది. మీ అబ్బాయికి చెప్పి ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో కేబిన్ దొరుకుతుందేమో చూడమనండి, అక్కడ ఊపు తక్కువ. తిప్పుతున్నట్టనిపిస్తే ఫోన్ పక్కన పెట్టి డెక్ మీదకు వెళ్లి, దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూడండి. ఖాళీ కడుపుతో ఉండవద్దు, కడుపు నిండా తినవద్దు. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. చిన్న పడవల్లో తీసుకెళతారు, మీకు వికారం వస్తే అక్కడే రావచ్చు.

మాత్ర విషయానికొస్తే, మెక్లిజిన్ అమెరికాలో చీటీ లేకుండా దొరుకుతుంది, మన దగ్గర ప్రోమెథజైన్ దొరుకుతుంది. మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు, కనీసం గంట ముందు వేసుకోవాలి. రెంటికీ నిద్రమత్తు ఉంటుంది. కాబట్టి ఏది వాడాలో, ఎంత వాడాలో మీ డాక్టర్‌ను అడిగి, ఇంట్లో ఉన్న రోజు ఒకసారి వేసుకుని చూడండి. వాంతి అనగానే అందరూ వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ ప్రయాణపు వాంతులకు పెద్దగా ఉపయోగపడదు. మీ అబ్బాయి చెప్పిన ప్యాచ్ స్కోపోలమైన్. ఒకటి మూడు రోజులు పనిచేస్తుంది, నాలుగు గంటల ముందు అంటించాలి. అమెరికాలో డాక్టర్ చీటీ ఉండాలి. గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉందేమో మీరు కంటి పరీక్ష చేయించుకున్నాకే దాని గురించి ఆలోచించండి. అంటించిన చేతితో కన్ను తుడుచుకోవద్దు. మీవారికి మాత్రం ఆ ప్యాచ్ వద్దు. ప్రోస్టేట్ ఉబ్బిన మగవాళ్లకు మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు, పెద్ద వయసులో అయోమయం కూడా రావచ్చు. మెక్లిజిన్, ప్రోమెథజైన్ విషయంలో కూడా ఆయనకు ఇదే జాగ్రత్త. మీకు ఇచ్చిన మాత్ర ఆయనకు పంచకండి.

ఊపు వల్ల వచ్చే వాంతుల కంటే నాకు వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఎక్కువ ఆందోళన. వేల మంది ఒకే చోట తింటూ, ఒకే రెయిలింగ్ పట్టుకునే చోట అది త్వరగా పాకుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1975 నుంచి ఓడల పరిశుభ్రతకు ప్రత్యేక కార్యక్రమం నడుపుతోందంటే విషయం ఎంత ముఖ్యమో చూడండి. శానిటైజర్ ఈ వైరస్ మీద సరిగా పనిచేయదు. తినేముందు, బాత్రూమ్‌కు వెళ్లాక సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి.

మామూలు మనిషికి ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోయే వాంతులు, విరేచనాలు మీవారి మందుల మీద ఉన్న మనిషికి ప్రమాదంగా మారవచ్చు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కిడ్నీ మీద భారం పెంచుతాయి. ఆ స్థితిలో మెట్‌ఫార్మిన్ వద్దు. డాపాగ్లిఫ్లోజిన్‌తో షుగర్ మరీ ఎక్కువగా లేకుండానే కీటోన్లు (రక్తాన్ని ఆమ్లంగా మార్చే పదార్థాలు) పెరగవచ్చు. తిండి లేకుండా గ్లిమెపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. పైగా మీ మోకాళ్ల కోసం తెచ్చుకున్న ఐబుప్రోఫెనో, ఎసిక్లోఫెనాకో ఆయన ఒంటి నొప్పులకు ఒకటి ఇచ్చారనుకోండి, కిడ్నీకి అది ఇంకా దెబ్బ. జబ్బు చేసిన రోజు ఏ మాత్ర ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది బయలుదేరే ముందే మీ డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం, మూడు నెలల షుగర్ సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలు కూడా చేయించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోమీటర్, స్ట్రిప్పులు పెట్టుకోండి.

నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్ షీటు సూట్‌కేస్‌లో వేసుకుంటున్నారేమో, తీసేయండి. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే విరేచనాలు కట్టేసే మాత్ర కూడా వేసుకోకూడదు. కేబిన్‌లో ఉంచేస్తారని, బిల్లు వేస్తారని దాచిపెట్టకుండా ఓడలోని మెడికల్ సెంటర్‌కు చెప్పండి. దాచితే మీకూ నష్టమే, పక్క కేబిన్‌లో ఉన్న పెద్దవాళ్లకూ నష్టమే.

ఆయన ఇసుకలో చెప్పులు లేకుండా నడవకూడదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా, రాయి కోసుకున్నా తెలియదు. రాత్రి పాదాలు మీరు చూడండి. దోమలకు పగలు కూడా క్రీమ్ రాసుకోండి, ఆ దీవుల్లో డెంగీ ఉంది. తిరిగి వచ్చాక జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేసుకోకుండా డాక్టర్‌కు ప్రయాణం సంగతి చెప్పండి. ఫ్లూ టీకా ఇద్దరూ వేయించుకోండి. మీరు చెప్పిన మూడు చోట్ల వరకైతే ఎల్లో ఫీవర్ సమస్య లేదు. ఓడ మారి ట్రినిడాడ్, కొలంబియా, పనామా లాంటి చోట ఆగేదైతే టీకా సర్టిఫికెట్ లేకుండా ఇండియాకు తిరిగొచ్చినవాళ్లను ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. 60 దాటినవాళ్లకు ఆ టీకా మొదటిసారి వేయడంలో కొంత ఎక్కువ రిస్క్ ఉంది, డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోవద్దు.

మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. మయామిలో ఇచ్చిన పెద్ద పెట్టెలు కేబిన్‌కు వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. రెండు వారాలకు సరిపడా అదనంగా తీసుకెళ్లండి. మందుల జనరిక్ పేర్లతో ఇంగ్లీషులో చీటీ రాయించుకోండి. ఇక్కడి బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు, గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్ లాంటివి అమెరికాలో అసలు అమ్మరు. పాత ఈసీజీ, రిపోర్టులు ఫోన్‌లో ఉంచుకోండి.

ఇక ఇన్సూరెన్స్. చాలా విజిటర్ పాలసీలు ముందే ఉన్న జబ్బులకు డబ్బు ఇవ్వవు, లేదా కొంతవరకే ఇస్తాయి. ఓడలో చికిత్స బిల్లు సాధారణంగా అప్పటికప్పుడు మీ ఖాతాలో వేస్తారు. ఓడ మీద చికిత్స, అక్కడి నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు పాలసీలో ఉన్నాయా లేదా అన్నది మీ అబ్బాయిని చదివి చూడమనండి. మీవారి గుండె లక్షణాలు, పరీక్షల సంగతి ఫారంలో దాచవద్దు, దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కార్డియాలజిస్టు తేదీ మార్చమంటే మార్చుకోవడానికి టికెట్ల రద్దు గడువు ఎప్పుడో కూడా అతన్ని ఈరోజే కనుక్కోమనండి. మీరు మాత్రం ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి.