హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికాలో వేటకు వెళ్ళవచ్చా? లైసెన్స్ పేరుతో అంత డబ్బు ఎందుకు కట్టాలి?

వెళ్ళవచ్చు. నేను హెచ్‌1బీ మీద ఉన్నప్పుడే విస్కాన్సిన్‌లో మొదటిసారి వెళ్ళాను. ఫెడరల్ చట్టం ప్రకారం మన వీసా వాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు. కానీ ఏదైనా స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. విస్కాన్సిన్‌లో అయితే 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయాలి. 30 రోజులుగా అక్కడే కాపురం ఉంటే లోకల్ రేటే. నేను కొన్నప్పుడు తుపాకీతో జింకను వేటాడే లైసెన్స్ 24 డాలర్లు, బయటి స్టేట్ వాళ్ళకైతే 160. ఒక షాపులో మాత్రం "మీరు సిటిజన్ కాదు కదా, కుదరదు" అని తిప్పి పంపారు. రూల్ తెలియకుండా కౌంటర్‌లో కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది. మీకూ అలా జరిగితే అక్కడ వాదించకండి, ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.

"అంత డబ్బు" అన్నారు చూడండి, అక్కడే నా మనసు ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ 24 డాలర్లు చాలా తక్కువ. ఎందుకో చెబుతాను.

2017 నవంబర్. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల సీజన్. విస్కాన్సిన్‌లోనే అయోవా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మా కొలీగ్ వాళ్ళ నాన్నగారి పొలం. తెల్లవారకముందే చెట్టుకు కట్టిన మంచె ఎక్కి కూర్చున్నాను. నారింజ రంగు జాకెట్, లోపల మూడు స్వెట్టర్లు, అయినా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎనిమిది దాటాక మొక్కజొన్న కోసేసిన మడి అంచున ఒక మగజింక వచ్చింది. బలంగా ఉంది, ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఒకటే తూటా. ఫోన్‌లో రిజిస్టర్ చేసి నంబర్ తీసుకున్నాం. సాయంత్రం పెద్దాయన దాని తల, కింద నాలుగైదు అంగుళాల మెడతో సహా, కోసి నల్ల కవర్లో వేసి నా చేతికిచ్చాడు. రోడ్డు పక్కన స్టేట్ వాళ్ళు పెట్టిన పెట్టె ఉంది, అందులో వేసి రమ్మన్నాడు. ఎక్కడ కొట్టానో, నా ఫోన్ నంబరేమిటో అక్కడున్న ఫారం మీద రాసి, చీటీ చించి జేబులో పెట్టుకుని, తల పెట్టెలో వేసి వచ్చాను. పైసా తీసుకోలేదు.

ఆ తలను ల్యాబ్‌లో టెస్టు చేసేది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ కోసం. 2002లో మౌంట్ హోరెబ్ దగ్గర ఆ స్టేట్‌లో మొదటిసారి బయటపడ్డ జబ్బు. జింక మెదడును తినేస్తుంది, మందు లేదు. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు గానీ, జబ్బు ఉన్న జింక మాంసం తినొద్దనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది.

ఇరవై కిలోల దాకా మాంసం ప్యాకెట్లు కట్టి ఫ్రీజర్‌లో పెట్టాం. మా ఊళ్ళో వేటమాంసం అంటే మేకమాంసమే, నిజంగా వేటాడి తెచ్చింది మా ఇంట్లో అదే మొదటిసారి. మా ఆవిడ కొంచెం గోంగూరతో, కొంచెం పచ్చడి అని లెక్కలు వేసుకుంది. రిజల్ట్ వచ్చేదాకా ముట్టొద్దన్నాను. పన్నెండో రోజు వచ్చింది. పాజిటివ్. అంత నిగనిగలాడిన జంతువు! ప్యాకెట్లన్నీ రెండేసి కవర్లలో చుట్టి చెత్తలో వేశాం. మా నాలుగేళ్ళ బాబు పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ టెస్టే లేకపోతే వాడికి నా చేత్తో తినిపించేవాణ్ణి.

ఆ పెట్టెలు పెట్టడానికీ, తలలు ల్యాబ్‌కు చేర్చడానికీ డబ్బు కావాలి కదా. పెద్ద భాగం మన లైసెన్సుల నుంచే వస్తుంది. మిగిలిందాంట్లో చాలావరకు 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళు, తూటాల మీద ఫెడరల్ ప్రభుత్వం వేసే 11 శాతం పన్ను. దాన్ని స్టేట్ విస్తీర్ణాన్నీ, అక్కడ లైసెన్స్ ఉన్నవాళ్ళ సంఖ్యనూ బట్టి పంచుతారు. అంటే మీరు కొన్న ఒక్క లైసెన్స్ ఫెడరల్ వాటాను కూడా లాక్కొస్తుంది. అదే అడవిలో కయాక్ వేసుకుని తిరిగేవాళ్ళు, బైనాక్యులర్లతో పిట్టల్ని చూసేవాళ్ళు అలాంటి పన్ను కట్టరు. అడవి అందరిదీ అయినప్పుడు ఖర్చు మా ఒక్కరి మీదే ఎందుకు? వాళ్ళ సామాన్ల మీద కూడా పన్ను వేయాల్సిందే.

అలాగని వేటగాళ్ళందరూ బంగారం అని అనను. మొక్కజొన్న గింజలు కుప్ప పోసి జింకల్ని రప్పించేవాళ్ళున్నారు. పది జింకలు ఒకే కుప్పలో మూతి పెడితే జబ్బు పాకదా? జబ్బు బయటపడ్డ కౌంటీల్లో దాన్ని నిషేధిస్తే స్టేట్‌నే తిడతారు. ఇక విస్కాన్సిన్‌లో 2021 ఫిబ్రవరి తోడేళ్ళ వేట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక వేటగాళ్ళ సంఘం కోర్టుకు వెళ్ళి హడావిడిగా సీజన్ తెరిపించింది. వేటగాళ్ళ కోటా 119. మూడు రోజులు కూడా నిండకుండానే 218 తోడేళ్ళు చచ్చాయి. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగలవాళ్ళు తమ వాటా 81 తోడేళ్ళను చంపకుండా వదిలేస్తే, మనవాళ్ళు వాటిని కూడా చంపేశారు. మరుసటి ఏడాది కోర్టు తోడేళ్ళకు మళ్ళీ రక్షణ ఇచ్చింది. సంఘాలు చందాలు వసూలు చేసుకుని ఇలాంటి పనులు చేస్తే మామూలు వేటగాడి మాటకు విలువేం ఉంటుంది?

మాట చెప్పుకోవడానికి అక్కడ చోటుంది, అది నాకు బాగా నచ్చింది. గిద్దలూరు దగ్గర మా నాన్న రాత్రంతా మంచె మీద డబ్బా కొడుతూ వేరుశనగ చేలోంచి అడవిపందుల్ని తోలేవాడు. పంట పోతే ఎవరినడగాలో ఆయనకు చివరిదాకా తెలియలేదు. విస్కాన్సిన్‌లో ఏప్రిల్ రెండో సోమవారం 72 కౌంటీల్లోనూ ఒకే సాయంత్రం మీటింగ్ పెడతారు. వేట, చేపల రూల్స్ మీద జనం అభిప్రాయం స్టేట్‌కు చెప్పే కన్జర్వేషన్ కాంగ్రెస్ అనే సంఘం మీటింగ్ అది, ఆ సంఘం 1934 నుంచీ ఉంది. ఎవరైనా వెళ్ళి తమ మాట చెప్పవచ్చు.

2018లో పెద్దాయన నన్ను తీసుకెళ్ళాడు. నలభై మంది దాకా ఉన్నారు. సిటిజన్‌వా అని ఎవరూ అడగలేదు, ప్రశ్నల కాగితం చేతిలో పెట్టారు. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒకాయన లేచి "జింకల్ని లెక్కపెట్టడం రానివాళ్ళకు ఇంకో డాలర్ ఎందుకివ్వాలి?" అని గట్టిగా అడిగాడు. చాలామంది తలలూపారు. 2005 నుంచి అప్పటిదాకా ఆ 24 డాలర్లు పెరగనే లేదు! నాకు చెమటలు పట్టాయి, అయినా లేచాను. ఆ జింక సంగతి, పన్నెండు రోజుల సంగతి, చెత్తలో వేసిన ప్యాకెట్ల సంగతి చెప్పి, "నేను 40 ఇస్తాను, ఆ పెట్టెలు మాత్రం తీయకండి" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అయిపోయాక పార్కింగ్‌లో ఆ టోపీ ఆయన నా కారు దగ్గరికి వచ్చాడు. పదిహేనేళ్ళుగా ఒక్క తల కూడా ఇవ్వలేదట, మనవలు కూడా అదే తింటున్నారట. రిజల్ట్ రావడానికి ఎన్ని రోజులు పట్టిందన్నావ్ అని మళ్ళీ అడిగాడు. పన్నెండు అన్నాను.