ఉగాది పోస్టర్ ఇరుకుగా కనిపిస్తోందా? ఇలా సరిచేయండి

బెంగళూరు మారతహళ్లిలో మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అతికించే ఏ3 పోస్టర్‌లో ఏదీ కంటికి ఆనడం లేదన్నారు కదండీ. శీర్షిక, తేదీ, వివరాలు దాదాపు ఒకే సైజులో ఉండడమే దానికి కారణం. వివరాలు 24 పాయింట్లు, తేదీ, వేదిక 48, శీర్షిక 96 పెట్టి చూడండి. సైజుల మధ్య కొద్దిపాటి తేడా ఉంటే పొరపాటున వచ్చినట్టే కనిపిస్తుంది.

ఇక ఇరుకుగా కనిపించడానికి అసలు చిక్కు వరుసల మధ్య దూరంలో ఉంది. ఇంగ్లిష్‌కు అక్షరం సైజులో 120 శాతం దూరం సరిపోతుంది, తెలుగుకు అది చాలదు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్ర’ లాంటి మాటలున్నచోట 150 శాతం ఇవ్వండి, అంటే 24 పాయింట్ల అక్షరానికి 36. శీర్షిక ఒక్క వరుసే కనుక దానికి ఈ గొడవ లేదు.

కన్నడ వరుస కూడా వేస్తున్నారు కాబట్టి ఇంకో జాగ్రత్త. పాయింట్లు ఒకటే అయినా ఫాంటును బట్టి అక్షరం చిన్నదిగానో పెద్దదిగానో కనిపిస్తుంది. అంకెను నమ్మకండి, రెండు లిపుల్లో ‘క’ అక్షరాలను పక్కపక్కన పెట్టి ఎత్తు సమానం చేయండి.

చుట్టూ 25 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. మామిడి తోరణం బొమ్మ పైన ఒక్కచోట చాలు, నాలుగు మూలలా వద్దు. పసుపు మీద తెల్లక్షరాలు తీసేసి ముదురు ఆకుపచ్చవి వేయండి.