సగం నచ్చిన నవల గురించి రాసేటప్పుడు

చి.సౌ. అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సస్పెన్స్ నవల పూర్తిచేశాను. దాని మీద నువ్వు రాసిన రెండు పేజీలూ చూశాను. "కొంత బాగుంది, కొంత బాగోలేదు" అని వదిలేశావేమిటే? ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ మనసు విరిగింది? అది చెబితేనే కదా నీ అభిప్రాయం!

నా సంగతి చెబుతాను. నవలలో అన్నయ్య పేరెత్తగానే పిన్ని టీవీ సౌండు పెంచేస్తుంది చూడు, అక్కడే నన్ను పట్టేశాడు. ఇంటి గుట్టంటే అదే. అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపరు. మన పర్లాకిమిడిలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళల్లో పాతికేళ్ళు ఓ సంగతి దాగిందంటే, పక్కింటివాళ్ళు కూడా నోరు కట్టుకున్నట్టే లెక్క. అంత తెలిసిన రచయితే చివర్లో ట్రంకుపెట్టెలోంచి ఉత్తరం తీసి, ఎనిమిది పేజీల్లో గుట్టంతా కక్కించేశాడు. అప్పటిదాకా మనుషుల ముఖాలు చదువుకుంటూ వచ్చిన మనకి పనే లేకుండా పోయింది. నాకు విరిగింది అక్కడ.

నువ్వేమో "ముందే కనిపెట్టేశాను" అని తప్పు పట్టావు. అది తప్పేం కాదు, ఆధారాలు సరిగ్గా పెట్టాడన్నమాట. మోసం ఇంకోచోట ఉంది. ముగింపు తెలిసింది కదా, ఇప్పుడు మొదటి అధ్యాయం మళ్ళీ తియ్యి. చావుకబురు విని మేనల్లుడు "నిర్ఘాంతపోయాను" అని తనలో తాను అనుకుంటాడు. అన్నీ తెలిసినవాడు తనలో తానెందుకు నిర్ఘాంతపోతాడు? అది పట్టుకో. కానీ వాడెవడో బయటపెట్టకు, చదవనివాళ్ళ నోట్లో మట్టి కొట్టకూడదు. "మొదటి అధ్యాయంలో ఒక మాట నాకు న్యాయంగా తోచలేదు" అంటే చాలు. చదివినవాళ్ళకి అర్థమవుతుంది.

ఇంకోటి. ఒడియా బడిలో చదివానని జంకి కాబోలు, "ఉత్కంఠభరితం", "అత్యద్భుతం" అంటూ ఎక్కడెక్కడివో తెచ్చి పేర్చావు. 1880లో మన ఊళ్ళో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ళ తరబడి పోరాడింది, మాట్లాడే తెలుగులో రాసుకోవడానికే. గుణుపురం పాసింజర్లోంచి ఫోను చేసి, "పెదనాన్నా, పుస్తకంలో పడి దిగాల్సిన స్టేషను దాటిపోయాను" అన్నావే, ఆ ముక్క ఏదీ? మొదటి వాక్యంగా అదే పెట్టు.

ఆదివారంలోగా తిరగరాసి పంపు. మీ పెద్దమ్మకి మాత్రం చూపించకు. పుస్తకం ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది, ఇంకా సగంలోనే ఉంది.

మీ పెదనాన్న