అన్నీ చేసినాడు, మొహం మాత్రం చూళ్లేదు

ప్రశ్న: అక్కా, మాది పలమనేరు. ఎరువుల అంగడి నడుపుతాను, వయసు 46. నాలుగు నెలల కిందట తిరుపతిలో మా చెల్లెలి భర్త గుండెపోటుతో పోయినాడు. మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు, పిల్లోళ్ల ఫీజు అన్నీ నేనే చూసుకున్నాను. వారానికి రెండుసార్లు బస్సెక్కి పోయినాను. మొన్న మా ఆవిడతో ఆమె అన్నదంట: "అన్న అన్నీ చేసినాడు వదినా, నా మొహం మాత్రం చూళ్లేదు" అని. అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. బీటెక్ చదివే మా పాపేమో "నాన్నా, నీకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ తక్కువ" అంటోంది. అది లేకుంటే చేసిన సాయం సాయం కాదా?

జవాబు: తమ్ముడూ, నువ్వు చేసింది సాయమే. మనిషి పోయిన ఇంట్లో ఆ కాగితాలు ఎంత బరువో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన నాకు తెలుసు. మీ చెల్లెలు కూడా "అన్నీ చేసినాడు" అనే మొదలుపెట్టింది. ఆ సగం నీ చెవికెక్కలేదు.

పాప అన్న మాటకొస్తే, 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ పేరుతోనే ఒక వ్యాసం రాశారు. మన మనసులో, ఎదుటివారి మనసులో ఏం కదులుతోందో పసిగట్టడం, దాన్ని అదుపు చేసుకోవడం, దాన్నిబట్టి ఆలోచించి నడుచుకోవడం అని అందులో చెప్పారు. ఇందులో మంచితనం ఊసు లేదు, గమనించు. తిరుపతి బస్టాండులో దళారిని చూడు. రాత్రంతా ప్రయాణం చేసి చంకలో బిడ్డతో దిగిన కుటుంబంలో ఎవరు అలిసిపోయారో, ఎవరు కంగారు పడుతున్నారో వాడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ తెలివితోనే దొంగ దర్శనం టికెట్టు అంటగడతాడు. వాడికి మనసు చదివే నేర్పుంది, ప్రేమ లేదు. నీకు ప్రేమ నిండా ఉంది. నేర్పు ఈ వయసులో కూడా వస్తుంది, నాకు రిటైరయ్యాకే వచ్చింది.

ఆ ఏడాది అలిపిరి నుంచి నడిచి కొండకు పోతున్నా. 3,550 మెట్లలో చాలావరకు ఎక్కేశాను. మోకాళ్ల పర్వతం దగ్గర ఒక అవ్వ మెట్టు మెట్టుకూ వంగి పసుపు పూసి కుంకుమ పెడుతోంది. రొప్పుతోంది, చెయ్యి వణుకుతోంది. నేను ఉండబట్టలేక భుజం పట్టి పక్కన కూర్చోబెట్టాను. నాడి చూశాను, గ్లూకోజు నీళ్లు తాపాను, "ఇంక చాలవ్వా, దేవుడికి తెలీదా" అన్నాను. అవ్వ నీళ్లు తాగి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా మనవడి మొక్కు తల్లీ, మధ్యలో ఆపేస్తివే" అంది.

వెనకాల వస్తున్న ఒక అమ్మాయి, పదహారేళ్లుంటాయేమో, ఏమీ మాట్లాడకుండా అవ్వ చేతిలో పళ్లెం అందుకుంది. మోచేతి కింద చెయ్యి వేసి లేపింది. నాలుగైదు మెట్లకొకసారి తానే చతికిలబడి, "నాకు కాళ్లు నొప్పులవ్వా, కొంచేపు కూర్చుందాం" అనేది. అవ్వ సంతోషంగా కూర్చునేది.

అవ్వ రొప్పు చూసి నాలో పుట్టిన కంగారును ఆర్పుకోవడానికే ఆమెను కూర్చోబెట్టానని నాకు కొండెక్కాక అర్థమైంది. డేనియల్ బాట్సన్ అనే పరిశోధకుడు ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. ఎదుటివారి బాధ చూసి మనకు కలిగే కలత ఒకటి, వారి మీద పుట్టే కరుణ ఒకటి. కలత పుట్టినవాడికి తప్పుకునే దారి దొరికితే తప్పుకుంటాడు. దొరక్కపోతే తన కలత తగ్గడానికి సాయం చేస్తాడు. చెల్లెలు ఏడుస్తుంటే చూళ్లేక నువ్వు ఫైలు చేతికి తీసుకున్నావని నాకనిపిస్తోంది. తప్పుపట్టడం లేదు, చాలామంది మగపిల్లలకు మనం నేర్పింది అదే.

తొందర కూడా కళ్లు కప్పేస్తుంది. ఈ బాట్సన్, జాన్ డార్లీ కలిసి 1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థుల మీద చేసిన పరీక్ష ఒకటి ఉంది. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. టైము మించిపోయిందని చెప్పి పంపినవాళ్లలో నూటికి 10 మందే సాయపడ్డారు. తీరికగా పోయినవాళ్లలో 63 మంది. అందరూ దైవచింతన ఉన్న పిల్లలే.

ఈ ఆదివారం తిరుపతికి పో. ఫైలు ఇంట్లో పెట్టు, తిరుగు బస్సు టైము చూసుకోవద్దు. వంటింట్లో ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యి. బావ పేరు నువ్వే ఎత్తు. ఎత్తితే ఏడుస్తుందని అందరూ దాచేస్తారు. భర్త పోయినవాళ్లు వార్డులో నా దగ్గర ఎక్కువగా చెప్పుకున్న బాధ అదే, ఇంట్లో ఆయన పేరు వినపడకుండా పోవడం. ఏడిస్తే ఏడవనీ, "ఊరుకో" అనొద్దు. నీకు కళ్లల్లో నీళ్లు తిరిగితే దాచుకోవద్దు. లేచేముందు మాత్రం అడుగు: "నేను చూసేవాటిల్లో నువ్వు చేసుకుంటాననేది ఏమైనా ఉందామ్మా?" అని. బ్యాంకుకు తానే పోతానంటే నేర్పించు, అడ్డంపడకు.

పాపను కూడా తీసుకుపో. అత్త చేత జడ వేయించుకోమను.