పాత స్పీకర్లకు సెకండ్ హ్యాండ్ యాంప్లిఫైయర్
మీ నాన్నగారి పాత 8 ఓమ్స్ స్పీకర్లకు సెకండ్ హ్యాండ్ యాంప్లిఫైయర్ (యాంప్) కొనాలనుకుంటూ, 100 వాట్స్‌ది కావాలేమోనని టెన్షన్ పడుతున్నారు. అక్కర్లేదండీ. మామూలు హాలుకి ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, నికరంగా 20–40 వాట్స్ చాలు. 1978లో వచ్చిన పేరున్న యాంప్ న్యాడ్ 3020ది కూడా ఛానెల్‌కు 20 వాట్సే.

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో కొన్నా మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) తీసుకెళ్లండి. స్పీకర్ వైర్లు పెట్టకుండా యాంప్ ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, యాంప్ వెనక ఒక్కో ఛానెల్ స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. ఐదు నిమిషాల తర్వాత కూడా 50 మిల్లీవోల్టులు దాటి ఉంటే వదిలేయండి. ఎంత చవకైనా సరే! డీసీ ఎక్కువైతే ఊఫర్ (బేస్ శబ్దాలిచ్చే పెద్ద స్పీకర్) కాయిల్ కాలిపోతుంది, అలాంటి ఊఫర్ మళ్లీ దొరకదు.

నాబ్ తిప్పితే గరగరమంటే భయం లేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. జపాన్ సెట్ వెనక 100 వోల్ట్స్ అని మాత్రమే ఉంటే, మన ఇంటి కరెంటు వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చూ కలుపుకోండి.