బూజుల చదువూ చదువే!

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. ఎకరంన్నర వరిచేను, దొడ్లో కొబ్బరిచెట్లు ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. డాక్టరు చదవమంటే, మొక్కలకీ బూజులకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తానంటోంది. ఇదేం చదువండీ? కూడు పెడుతుందా?
- ఒక తండ్రి

జవాబు: పెడుతుందండి. కాకపోతే కాస్త ఆలస్యంగా వడ్డిస్తుంది. ఆ ఆలస్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు 'ఇదేం చదువు' అన్నారు చూశారూ, దానికి జవాబు మీ చేలోనే ఉంది.

దాళ్వాలో అగ్గి తెగులు చూసే ఉంటారు. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చ, మధ్యలో బూడిదరంగు, చుట్టూ గోధుమరంగు అంచు. తెల్లవారుజాము మంచు తడికి ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం, అంటే బూజు, దాని బీజం మొలకెత్తి, కంటికి ఆనని చిన్న గుమ్మటంలా ఆకుకి అతుక్కుంటుంది. దాని లోపలి ఒత్తిడి కారు టైర్లో గాలికి 30 రెట్ల పైమాటే! ఆ బలంతోనే ఆకుని పొడుచుకుని లోపలికి దూరుతుంది. ఒత్తిడి నిలవాలంటే గుమ్మటం గోడలో మెలనిన్ అనే నల్లటి పొర ఉండాలి. మీరు కొట్టే ట్రైసైక్లజోల్ మందు చేసేదల్లా ఆ నలుపు తయారుకాకుండా ఆపడమే. ఎవరో ఏళ్ల తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే తెలిసిన సంగతి ఇది. 2017లో యూరప్ వాళ్లు బియ్యంలో ఈ మందు అవశేషాల పరిమితిని వందో వంతుకి దించేశారు. మరి మందు లేకుండా తెగులుని ఆపేదెలా? అది వెతికే మనుషులు కావాలి.

మీ ప్రాంతానికి ఈ చదువు కొత్తా కాదు. తాటికీ కొబ్బరికీ వచ్చే మొవ్వుకుళ్లు ఉంది కదా, గోదావరి జిల్లాలో దాన్ని పరిశీలించిన ఇ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త 1907లో ఆ తెగులు తెచ్చే జీవికి పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఫైటోఫ్తోరా పామివోరా అంటున్నారు. ఎక్కడెక్కడో కోకో తోటల్ని పీడిస్తున్నదీ అదే. అసలది శిలీంధ్రమే కాదనీ, వేరే జాతనీ తర్వాత తేల్చారు. ఎందుకో మీ అమ్మాయినడగండి. చెప్పిందంటే ఇక నన్ను అడగక్కర్లేదు.

శిలీంధ్రాలన్నీ శత్రువులూ కావు. మొక్కల్లో చాలావాటి వేళ్లలో శిలీంధ్రాలు కాపురముంటాయి. భాస్వరం తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర పుచ్చుకుంటాయి, కౌలు లెక్కన. పశువుల ఎరువులో కలిపి కొబ్బరి మొదళ్లలో వేసే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. కొబ్బరి మొదలు కుళ్లించే గానోడెర్మా అనే మరో శిలీంధ్రం మీదికి దాన్ని మనమే తోలుతున్నాం.

ఇక దారి. ఈఏపీసెట్ రాయించండి. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు, తర్వాత ప్లాంట్ పాథాలజీలో, అంటే మొక్కల తెగుళ్ల శాస్త్రంలో, ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన పీహెచ్‌డీ. సీటుకి ఫార్మర్స్ కోటా ఉంది. పొలం కాగితాలు, పల్లెలో చదివిన సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దిపెట్టుకోండి, కౌన్సెలింగ్ ముందురోజు పరుగులు పెట్టకుండా. బోటనీ చదివి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష రాసే దారీ ఉంది కానీ, నా ఓటు అగ్రికల్చర్‌కే. లోగడ ఒకమ్మాయిని ఇంటి దగ్గర్లో ఉందని ఒక ప్రైవేటు కాలేజీలో బయోటెక్నాలజీలో చేరమన్నాను. మూడేళ్లలో ఆ పిల్ల మైక్రోస్కోపు ముట్టుకున్నది నాలుగుసార్లు. ఆ తప్పు నాదే. అదీగాక అగ్రికల్చర్ చదివితే, మధ్యలో మనసు మారినా వ్యవసాయాధికారి, బ్యాంకులో అగ్రికల్చర్ ఆఫీసరు పోస్టులకి పోటీ పడొచ్చు.

ఆలస్యం అన్నది ఇక్కడే. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి 27, 28 ఏళ్లొస్తాయి. ఈలోగా పక్కింటివాళ్లబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో చేరి కారు కొంటాడు, చుట్టాలు సంబంధాలు తెస్తారు. పిల్ల కన్నా ముందు తట్టుకోవాల్సింది మీరు. అయితే పీహెచ్‌డీ ఖర్చు మీ నెత్తిన పడాలనేం లేదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో శాస్త్రవేత్తగా చేరితే మూలవేతనమే 57,700. దానికి ఏఎస్ఆర్‌బీ అనే నియామక మండలి పెట్టే పరీక్షుంది. పోస్టులు తక్కువ, పోటీ గట్టిది. మొదటిసారికే వచ్చేస్తుందని మాత్రం నేను మాటివ్వను. విత్తన కంపెనీలు, జీవన ఎరువుల ల్యాబులు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కూడా వీళ్లని తీసుకుంటాయి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం మీ పక్కనే. వీలైతే స్వర్ణ వరి పుట్టిన మారుటేరు పరిశోధన కేంద్రానికీ తీసుకెళ్లండి. పనిరోజు చూసుకుని వెళ్లి, అక్కడి పాథాలజీ వాళ్లతో అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోండి చాలు. తెగులు సోకిన ఆకులు నాలుగు పట్టుకెళ్లమనండి, కాగితం కవర్లో. ప్లాస్టిక్‌లో పెడితే దారిలోనే చెమ్మకి కుళ్లిపోతాయి.