గీతలు గీసుకుంటే ఉద్యోగం వస్తుందా సార్?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు పంపిన మెసేజ్ ఇది, చాలా పెద్దది, కుదించి పెడుతున్నా. "మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హైదరాబాద్‌లో హాస్టల్. సంక్రాంతికి ఇంటికొచ్చి ఒక్క పుస్తకం తియ్యలేదు సార్. వాళ్ళ నాయనమ్మ ముగ్గేస్తుంటే పక్కన కూర్చుని, చెయ్యి ఎత్తకుండా ఏది వెయ్యొచ్చు ఏది వెయ్యలేం అని నోట్‌బుక్ నిండా గీతలే గీతలు. వెనక్కి వెళ్ళాక రెండు వీక్లీ టెస్టుల్లో మార్కులు పడిపోయాయి. అడిగితే దీన్ని గ్రాఫ్ థియరీ అంటారు నాన్నా, నేను మ్యాథ్సే చదువుతా, ఐఎస్ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), సీఎంఐకి (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) ఎంట్రన్స్ రాస్తా అంటోంది. నేనేమో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్‌లో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి అడ్వాన్స్ కూడా ఇచ్చేశా. గీతలు గీసుకుంటే ఉద్యోగం వస్తుందా? రెండిట్లో ఏది బెటరో పోల్చి చెప్పండి. ఆడపిల్ల, ఒకసారి దారి తప్పితే మళ్ళీ వెనక్కి రాలేదు."

సార్, ఏటా ఈ టైముకి ఇలాంటి మెసేజ్‌లు నాకు వస్తూనే ఉంటాయి, ఒకరి కొడుక్కి చెస్ పిచ్చి, ఇంకొకరి కూతురికి బొమ్మల పిచ్చి, అందరూ మొదలుపెట్టేది కోర్సుతోనే కానీ అసలు భయం మాత్రం చివరి లైన్లో ఉంటుంది. మీదీ అంతే. పోలిక చెప్తాను, మీరడిగినట్టే, కానీ ముందు ఆ గీతలేంటో మీరు ఒక్క ఐదు నిమిషాలు చూడాలి, ఎందుకంటే మీరు ఆ నోట్‌బుక్ తెరిచి చూశారని నాకైతే అనిపించట్లేదు.

చిన్నప్పుడు మీరూ ఆడే ఉంటారు. ఒక డబ్బా గీసి, లోపల ఇంటూ మార్కు పెట్టి, పైన పూరిపాకకి కప్పులాగా రెండు గీతలు, ఆ ఇల్లు పెన్ను ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా వెయ్యి చూద్దాం అని పందెం. మొత్తం ఎనిమిది గీతలు. కింది మూలల్లో ఏదో ఒక దాన్నించి మొదలుపెడితే వస్తుంది, పైనించి మొదలుపెడితే చచ్చినా రాదు. ఎందుకు రాదో మనం ఎవ్వరం అడగలేదు, వచ్చినవాడు హీరో అంతే. మీ పాప అడిగింది. ఏ మూలకైనా ఒక గీత మీద వస్తాం, ఇంకో గీత మీద పోతాం, అంటే గీతలు జతలుజతలుగా ఖర్చవుతాయి, కాబట్టి ఒక మూల దగ్గర బేసి సంఖ్యలో గీతలుంటే అక్కడ మొదలవ్వాలి లేదా అక్కడే ముగియాలి, వేరే దారి లేదు. ఇంటి బొమ్మలో కింది మూలలు రెండిట్లో మూడేసి గీతలు, మిగతావన్నీ సరి. అందుకే కింద మొదలై కింద ముగుస్తుంది. ఇప్పుడు ఆ కప్పు తీసేసి ఉత్త డబ్బా, ఇంటూ మార్కు ఉంచండి, నాలుగు మూలలూ బేసి అయిపోతాయి, ఇంక ఎవరి తరమూ కాదు, ఐఐటీ టాపర్‌ని కూర్చోబెట్టినా రాదు.

దీన్ని మొదట పట్టుకున్నది ఆయిలర్ అనే పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త. కొనిగ్స్‌బర్గ్ అని అప్పటి ప్రష్యాలో ఒక ఊరు, ఇప్పుడది రష్యాలో కాలినిన్‌గ్రాడ్, నది మధ్యలో లంక, ఏడు వంతెనలు, ఏడూ ఒక్కొక్కసారే దాటి తిరిగిరావచ్చా అన్నది ఆ ఊరివాళ్ళ సరదా ప్రశ్న. కుదరదని ఆయన 1735లో పీటర్స్‌బర్గ్ అకాడమీలో చెప్పాడు. నాకు నచ్చేది అది కాదు. డాంజిగ్ అనే ఊరి (ఇప్పుడు పోలండ్‌లో ఉంది) మేయర్ ఎహ్లర్ అని ఒకాయన ఈ లెక్క చేసిపెట్టమని ఉత్తరం రాస్తే, 1736లో ఆయిలర్ ఏమని జవాబు రాశాడో తెలుసా, ఇందులో గణితం పెద్దగా ఏమీ లేదండీ, వట్టి తర్కమే, దీన్ని గణితవేత్తనే అడగాలని మీకెందుకనిపించిందో అర్థం కావట్లేదు అని. అంటే "ఇదేం లెక్కమ్మా" అని మీరు పాపతో అనుంటే ఆ మాట ఆయిలరే అనేశాడు, కాబట్టి మీరేం సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే అంటూనే రాసి అచ్చేయించాడు, గ్రాఫ్ థియరీ, అంటే చుక్కలు, వాటిని కలిపే గీతల లెక్క, ఆ సబ్జెక్టు మొత్తం ఆ పేపర్‌తోనే మొదలైందంటారు.

ముగ్గు సంగతి కూడా చెప్పాలి. మెలికల ముగ్గులో గీత గీతని దాటే ప్రతిచోటా నాలుగు కొసలు కలుస్తాయి, నాలుగంటే సరి, బేసి అన్నదే లేదు. కాబట్టి ముగ్గు విడివిడి ముక్కలుగా లేకుండా ఉంటే చాలు, ఆయిలర్ లెక్కన ఏ మెలికల ముగ్గైనా చెయ్యి ఎత్తకుండా వెయ్యొచ్చు. మరి నాయనమ్మ కొన్ని ముగ్గులు రెండు మూడు సార్లు చెయ్యెత్తి ఎందుకేస్తుంది? ఎందుకంటే ఆవిడ కూడలి దగ్గర పక్కకి తిరగదు, నేరుగా పోతుంది, పక్కకి తిరిగితే మెలిక పోయి ముగ్గు అందం చెడుతుంది. నేరుగా పోవాలి అన్న ఒక్క షరతు పెట్టగానే లెక్క మారిపోతుంది, అప్పుడు ఎన్ని చుక్కలకి ఒకే దారం (చెయ్యి ఎత్తకుండా సాగే ఒకే గీత) వస్తుంది, ఎన్నిటికి మూడు దారాలొస్తాయి అన్నది వేరే ప్రశ్న, తేలిక కాదు. పాప నోట్‌బుక్‌లో ఉన్నది ఈ రెండోదైతే మీరు కంగారు మానేసి కాస్త మురిసిపోవాలి. ముగ్గుల మీద రిసెర్చ్ ఏంటి అనుకోకండి, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, వాళ్ళతో కమల కృతివాసన్ 1974లోనే ముగ్గుల్ని కంప్యూటర్ సైన్స్ గ్రామర్లతో, అంటే బొమ్మని పుట్టించే రూల్స్‌తో, పట్టుకుని పేపర్ రాశారు.

ఇక ఉద్యోగం. మీ వీధిలోకి పొద్దున్నే చెత్త ఆటో వస్తుంది కదా, దానికి ఇల్లు ముఖ్యం కాదు, వీధి ముఖ్యం, ప్రతి వీధీ తిరగాలి, తిరిగిన వీధిలోకి మళ్ళీ పోతే డీజిల్ దండగ. బేసి సంఖ్యలో వీధులు కలిసే కూడళ్ళు ఉంటే కొన్ని వీధులు రెండోసారి తిరగక తప్పదు, ఏవి తిరిగితే తక్కువ దండగ అన్న లెక్కని చైనాలో క్వాన్ అనే గణితవేత్త 1960లో పోస్ట్‌మాన్ కోసం వేశాడు, ఈరోజుక్కూడా రోడ్లు ఊడ్చే బండ్లకి అదే లెక్క. ఇంతకంటే పెద్దది డీఎన్ఏ. మెషిన్ డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగానే చదవగలదు, ఆ ముక్కల్ని మళ్ళీ వరసలో అతికించాలి. ఒక్కో ముక్కని ఒక్కో చుక్క అనుకుని అన్ని చుక్కల్నీ ఒక్కోసారి తాకే దారి వెతికితే అది మహా కష్టమైన లెక్క, అదే ముక్కని గీత అనుకుని, ముక్కలు ఒకదానిమీదొకటి కలిసే చోటుని చుక్క అనుకుంటే అది ఆయిలర్ దారి, అంటే ప్రతి గీతా ఒక్కసారే గీసే మన పందెం, అయిపోతుంది. పెవ్జ్నర్, టాంగ్, వాటర్‌మన్ 2001లో ఈ పద్ధతి మీద పేపర్ వేశారు, తర్వాత వచ్చిన జీనోమ్ సాఫ్ట్‌వేర్లు చాలా ఆ దారే పట్టాయి. చుక్కని గీత చేశారు, గీతని చుక్క చేశారు, అంతే.

అంత దూరం ఎందుకు, మీకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకే వద్దాం. ఇంటర్వ్యూలకి పిల్లలు ప్రాక్టీస్ చేసే లీట్‌కోడ్ వెబ్‌సైట్లో 332వ ప్రశ్న, విమానం టికెట్లన్నీ కలగాపులగంగా ఇచ్చి, ఒక్కో టికెట్ ఒక్కసారే వాడి ప్రయాణం వరస చెప్పమంటారు. అచ్చంగా పాప గీతలే. బీటెక్ ఫైనలియర్ పిల్లలు దాన్ని యూట్యూబ్‌లో చూసి బట్టీ కొడుతున్నారు.

ఇప్పుడు మీరు అడ్వాన్స్ కట్టిన బ్రాంచి గురించి నా మనసులో మాట, కొంచెం కటువుగానే ఉంటుంది. ఏఐ-ఎంఎల్ సబ్జెక్టు మీద నాకేం కోపం లేదు, దాని పేరు పెట్టుకున్న సీటు మీద ఉంది. చాలా కాలేజీల్లో నేను చూసిందేంటంటే నిన్నటిదాకా సీఎస్ఈ అన్న బోర్డే మార్చి ఏఐ-ఎంఎల్ అని పెట్టారు, అదే ల్యాబు, అదే సార్లు, మొదటి రెండేళ్ళు దాదాపు అదే సిలబస్. ఏఐకి నిజంగా కావాల్సింది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, అవేమో ఎం-వన్ (మ్యాథ్స్ మొదటి పేపర్), పీ అండ్ ఎస్ (ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్) పేరుతో ఆల్ ఇన్ వన్ గైడ్లో ముఖ్యమైన ప్రశ్నలు టిక్కు పెట్టుకుని దాటేస్తారు. థర్డ్ ఇయర్లో నా దగ్గరికి పిల్లలొస్తారు, రెజ్యూమెలో మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు మూడు, మాట్రిక్స్‌ని వెక్టర్‌తో గుణిస్తే ఏమవుతుందో బొమ్మ గీసి చూపించు నాన్నా అంటే తల కిందకి వేసుకుంటారు, పిల్లల తప్పు కాదది. ఇంకో తమాషా వినండి, సీఎస్ఈ పిల్లలకి సెకండియర్లో డిస్క్రీట్ మ్యాథ్స్ ఉంటుంది, దాని చివరి యూనిట్‌లో గ్రాఫులు, అందులో ఆయిలర్ సర్క్యూట్, అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఆయిలర్ దారి, ఉంటుంది. చివరి యూనిట్ కాబట్టి చాలామంది చాయిస్‌లో వదిలేస్తారు. లక్షలు పోసి మీరు కొంటున్న సీటులో పిల్లలు వదిలేసే యూనిట్‌ని మీ పాప పండగ సెలవుల్లో ముగ్గుపిండితో చదివేసింది, మీరేమో దాన్ని గీతలు గీసుకోవడం అంటున్నారు.

ఆ అడ్వాన్స్ సంగతి. పాపని అడక్కుండా కట్టారు. నాకు తెలిసి మీరు బండి కొన్నా షోరూంకి నాలుగుసార్లు తిరిగి, టెస్ట్ డ్రైవ్ చేసి, బావమరిదిని అడిగి కొనుంటారు. పిల్ల నాలుగేళ్ళు కూర్చోవాల్సిన సీటుకి పిల్లనే అడగలేదంటే ఏమనాలి సార్? రెండు వీక్లీ టెస్టుల్లో మార్కులు ఎందుకు తగ్గాయో కూడా గీతల మీదకి తోసేశారు, సీటు మాట్లాడేశానని మీరు ఆ పండక్కే చెప్పారేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పోలిక. ఐఎస్ఐలో బీమ్యాథ్ బెంగుళూరులో, బీస్టాట్ కోల్‌కతాలో, ఇప్పటిదాకా ట్యూషన్ ఫీజు లేకపోగా నెలనెలా ఎదురు స్టైపెండ్ ఇస్తున్నారు, మార్కులు తగ్గితే కోసేస్తారు. సీఎంఐ చెన్నై దగ్గర సిరుసేరిలో, మ్యాథ్స్ అండ్ కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ, పాప నోట్‌బుక్‌కి సరిగ్గా సరిపోయే కోర్సు అదే. రెండూ ఎంట్రన్స్ గట్టివే, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) స్పీడొక్కటే అక్కడ సరిపోదు, కొన్ని లెక్కలకి ఎందుకో కూడా కూర్చుని రాయాలి. రాకపోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఉంది, జేఈఈలో మంచి ర్యాంకొస్తే ఐఐటీ హైదరాబాద్‌లో మ్యాథ్స్ అండ్ కంప్యూటింగ్ బీటెక్ ఉంది, మీ మాటా పాప మాటా రెండూ నెగ్గేది అక్కడ. జీతాల పట్టిక పెడదామనుకున్నా కానీ పెట్టను, ఎందుకంటే మీరు అదొక్కటే చూస్తారు.

వెనక్కి రాలేదు అన్నారు కదా, అక్కడ మాత్రం మీరు పొరబడ్డారు. మ్యాథ్స్ పీజీ చేసినవాళ్ళకి అదే ఐఎస్ఐలో కంప్యూటర్ సైన్స్ ఎంటెక్ ఉంది, బీటెక్ చేసి ఎంమ్యాథ్‌కి వచ్చినవాళ్ళూ ఉన్నారు, కోడింగ్ అయితే సీఎంఐలో మొదటి ఏడాది నుంచే నేర్పుతారు. గీసిన గీత మీద మళ్ళీ పోకూడదన్నది పందెంలో రూలు, చదువులో ఎవరూ పెట్టలేదు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సీఆర్ రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి 1941లో కలకత్తా ఐఎస్ఐకి వెళ్ళారు, స్టాటిస్టిక్స్ అంటే ఏంటో మన ఊళ్ళల్లో ఎవరికీ తెలియని రోజులవి, వాళ్ళింట్లోనూ ఎవరో ఒకరు ఉద్యోగం వస్తుందా అని అడిగే ఉంటారు. అందరూ సీఆర్ రావులు అవుతారని కాదు, అలా ఆశపెట్టి నేనే ఒకసారి దెబ్బతిన్నాను, పజిల్స్ బాగా చేస్తాడని ఒక పిల్లాణ్ణి మ్యాథ్స్‌కి పంపిస్తే ప్రూఫులు రాయడం అంటే వాడికి ఒళ్ళుమంటని మొదటి సెమిస్టర్లో తేలింది. ఇప్పుడు వాడు వేరే డిగ్రీ చేసి బాగానే ఉన్నాడు, కానీ ఒక ఏడాది పోయింది, ఆ ఏడాది నా ఖాతాలోదే.

అందుకని పాపకి ఒక చిన్న పరీక్ష పెట్టమంటున్నా. బేసి మూలలు రెండుకి మించితే గీయలేం, ఇది సులువే, ఐదు నిమిషాల్లో చెప్పేస్తుంది. తిప్పి అడగండి, బేసి మూలలు రెండే ఉంటే, బొమ్మ అంతా అతుక్కునే ఉంటే, కచ్చితంగా గీయగలమా, ఎంత పెద్ద బొమ్మైనా? గీయగలమని ఆయిలర్ చెప్పాడు కానీ పూర్తి రుజువు అచ్చులోకి వచ్చింది 1873లో, హియర్‌హోల్ట్‌సర్ అనే జర్మన్ పేరుతో, అదీ ఆయన పోయాక. నూటముప్పై ఏళ్ళ పైన పట్టింది. పాప "వస్తుంది నాన్నా, చాలా బొమ్మలు గీసి చూశా" అంటే పజిల్స్ ఇష్టం అని అర్థం, బీటెక్‌లో హాయిగా బతికేస్తుంది. "ఆగు, గీస్తూ గీస్తూ మధ్యలో ఇరుక్కుపోతే మిగిలిన గీతల సంగతేంటి" అని తనలో తనే గొణుక్కుంటూ భోజనం చల్లారబెట్టుకుందంటే మాత్రం ఆ అడ్వాన్స్ వెనక్కి అడగండి.

పరీక్షలయ్యేదాకా ఈ గొడవ పెట్టుకోకండి, ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్షలు) మార్కులు ఏ దారికైనా కావాలి, ఆ మాట పాపకి మీరు కాదు, నేను రాశానని చెప్పండి. ఈ ఆదివారం హాస్టల్‌కి వెళ్ళినప్పుడు ఒక తెల్లకాగితం పట్టుకెళ్ళండి. కొనిగ్స్‌బర్గ్ వంతెనల్లో రెండు 1944 బాంబుల్లో పోయాయట, తర్వాత ఇంకో రెండిటిని పడగొట్టి వాటి చోట హైవే వేశారట, ఆ హైవే నదిని దాటే చోట్లు రెండూ కలిపితే మొత్తం మీద అక్కడ ఇప్పుడు ఐదేనట, మరి ఇప్పుడు ఒక్కొక్కటి ఒక్కసారే దాటడం కుదురుతుందా, కుదిరినా బయల్దేరిన చోటికే రాగలమా అని అడిగి పక్కన కూర్చోండి. వీక్లీ టెస్ట్ మార్కుల షీటు కారులోనే వదిలెయ్యండి.